దారిలో మన లాంటి పాప్-అప్ క్యాంపర్ కనిపిస్తే ఆగుతారా, చెయ్యి ఊపి వెళ్ళిపోతారా?

మైలురాయి

అందరికీ నమస్కారం. మాది టకోమా ట్రక్కు, దాని మీద ఫోర్ వీల్ క్యాంపర్స్ కంపెనీ వాళ్ళ ఫ్లీట్ మోడల్, అంటే ఆగినప్పుడు కప్పు పైకి లేపుకుని, గుడ్డ గోడల మధ్య పడుకునే పాప్-అప్ క్యాంపర్. మొన్న కాలిఫోర్నియాలో 395 హైవే మీద లోన్ పైన్ దాటి ఉత్తరానికి వెళ్తుంటే ఎదురుగా ఇంకో పాప్-అప్ వచ్చింది. కప్పు దించే ఉంది, అయినా దూరం నుంచే పోల్చుకున్నాను. చెయ్యి ఎత్తాను, అవతలాయన కూడా ఎత్తారు. "తెలిసినవాళ్ళా?" అని మా ఆవిడ అడిగింది. కాదన్నాను. కానీ ఆ తర్వాత చాలాసేపు సంతోషంగా అనిపించింది, ఎందుకో చెప్పలేను.

పెద్ద మోటార్‌హోములు, ట్రైలర్లు రోజూ వందల్లో కనిపిస్తాయి. ట్రక్కు మీద పెట్టుకునే పాప్-అప్ మాత్రం అరుదు. అందుకే అడుగుతున్నాను. మీరు ఎలా గుర్తుపడతారు? క్యాంపు దగ్గర కనిపిస్తే వెళ్ళి పలకరిస్తారా? ఎక్కడ ఎక్కువ మంది కలిశారు? వివరంగా రాయండి, తొందరేం లేదు.

దారిన_పోయే_దానయ్య

మంచి ప్రశ్న వేశారు. నేను ఎఫ్-150 ట్రక్కు మీద అదే కంపెనీ హాక్ మోడల్ పెట్టుకుని చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. గుర్తుపట్టడం గురించి నాకు తెలిసింది చెబుతాను.

మొదట ఎత్తు చూడాలి. గట్టి గోడల క్యాంపర్ ట్రక్కు క్యాబ్ మీద అంతెత్తున నిలబడి ఉంటుంది. పాప్-అప్ మూసి ఉంటే క్యాబ్ కంటే కొంచెమే పైకి ఉంటుంది, ముక్కు క్యాబ్ మీదకి సాగి ఉంటుంది. ఆ ముక్కుకీ క్యాబ్ పైకప్పుకీ మధ్య సన్నని సందు కనిపిస్తుంది. ఎదురుగా వచ్చేటప్పుడు మొదట కంటపడేది అదే.

తర్వాత బయటి లాచీలు. కప్పును కింద బిగించి ఉంచే లాచీలు చుట్టూ ఉంటాయి. వెనక నుంచి చూస్తే తలుపు పొట్టిగా ఉంటుంది, దాని పైన కప్పు అంచు ఉంటుంది. కొందరు క్యాంపర్‌ని ట్రక్కు మీద నుంచి ఎత్తి దించే జాకులు మూలల్లో ఉంచుకుంటారు, కొందరు బరువు తగ్గించడానికి తీసేస్తారు. కాబట్టి జాకులు లేవని అది క్యాంపర్ కాదనుకోకండి.

ఈమధ్య వాలుగా తెరుచుకునేవి చాలా వచ్చాయి. ముందు వైపు కీలు ఉండి, వెనక వైపు మాత్రమే పైకి లేస్తుంది. అవి మూసి ఉన్నప్పుడు ట్రక్కు వెనక భాగానికి వేసే మూత (టాపర్) లాగా పలచగా ఉంటాయి. వాళ్ళూ మనవాళ్ళే, వాళ్ళకీ చెయ్యి ఊపుతాను. కానీ లోపల పొయ్యి, సింకు, ఫర్నెస్ (హీటర్) ఉన్న పాప్-అప్ కనిపిస్తే ఆగి మాట్లాడాలనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళ సమస్యలూ నా సమస్యలూ ఒకటే.

పాత_అలాస్కన్

దానయ్య గారూ, మమ్మల్ని మర్చిపోయారు. గట్టి గోడలతోనే పాప్-అప్ అయ్యేది అలాస్కన్. పై సగం కింది సగం మీదకి దిగుతుంది, హైడ్రాలిక్‌తో లేస్తుంది, ఎక్కడా గుడ్డ ఉండదు. 1950ల నుంచి తయారవుతోంది, ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలోని విన్‌లాక్‌లో చేస్తున్నారు. మా దాని వయసు నా వయసుకి దగ్గరగా ఉంటుంది. దారిలో ఇంకో అలాస్కన్ కనిపించడం ఎంత అరుదంటే, కనిపించినప్పుడల్లా ఇద్దరం రోడ్డు పక్కన ఆపేస్తాం. ఆపకుండా వెళ్ళిపోయినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

దారిన_పోయే_దానయ్య

నిజమే, అలాస్కన్ గురించి రాయాల్సింది. హైడ్రాలిక్ సీళ్ళు ఇప్పటికీ దొరుకుతున్నాయా మీకు?

పాత_అలాస్కన్

దొరుకుతున్నాయి. కంపెనీ వాళ్ళే పాత మోడళ్ళకి కూడా పంపిస్తారు.

నిశ్శబ్దం_కావాలి

నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఎవరూ అనుకోకండి. మేం పాప్-అప్ కొన్నదే జనం లేని చోటికి వెళ్ళడానికి. పెద్ద బండ్లు రాలేని రోడ్డు చివర, ఎవరూ లేని చోట రెండు రోజులు ఉండాలని వెళ్తాం. అలాంటి చోట ఒకే రకం క్యాంపర్ ఉందని ఎవరైనా వచ్చి తలుపు తడితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. రోడ్డు మీద చెయ్యి ఊపితే తప్పకుండా ఊపుతాను. పెట్రోలు బంకులో పలకరిస్తే సంతోషంగా మాట్లాడతాను. క్యాంపు దగ్గర మాత్రం దూరం పాటించాలని నా అభిప్రాయం.

ఇంకో విషయం. బీఎల్‌ఎం భూమిలో, అంటే అమెరికా ప్రభుత్వ భూమిలో, ఎక్కడైనా ఆగొచ్చు కదా అని, ఖాళీ ఎడారి ఎంతో ఉండగా నా పక్కనే వచ్చి ఆపేవాళ్ళు ఉన్నారు. కలవాలన్న ఆశ మంచిదే, కానీ కనీసం వంద గజాల దూరం వదలండి.

ఇసుకతెన్నె

నిశ్శబ్దం గారి మాటతో నేను ఏకీభవిస్తాను. ఇంకో కోణం కూడా చెబుతాను. నేను ఒంటరిగా తిరిగే ఆడదాన్ని, సిల్వరాడో ట్రక్కు మీద ఫోర్ వీల్ వాళ్ళ గ్రాండ్‌బీ మోడల్. చీకటి పడ్డాక ఎవరైనా టార్చి లైటుతో నా బండి వైపు నడిచి వస్తే, వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా నాకు టెన్షనే. అదే మనిషి పొద్దున్న తొమ్మిదింటికి, నేను కుర్చీ వేసుకుని కాఫీ తాగుతుంటే, దూరం నుంచే "ఫోర్ వీలేనా?" అని గట్టిగా అడిగితే నేనే రమ్మంటాను.

నాకు తెలిసి మన క్యాంపర్లే చాలా విషయాలు చెప్పేస్తాయి. కప్పు లేచి, తలుపు తెరిచి, బయట కుర్చీలుంటే రావచ్చని అర్థం. కప్పు లేచి, తలుపు మూసి, గుడ్డ కిటికీలు జిప్పు వేసి ఉంటే లోపల ఎవరో నిద్రపోతున్నారో, బట్టలు మార్చుకుంటున్నారో. గుడ్డ గోడ పల్చన, బయట మాట ప్రతీదీ లోపలికి వినిపిస్తుంది. కప్పు దించే ఉందంటే వాళ్ళు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు, లేదా ఊళ్ళో ఎవరి కంటా పడకుండా రాత్రి గడుపుతున్నారు. ఊళ్ళో వీధి పక్కన కప్పు దించి ఉన్న పాప్-అప్ తలుపు ఎప్పుడూ తట్టకండి. వాళ్ళు లోపల ఉన్నారన్న సంగతి వీధి అంతటికీ మీరు చెప్పినట్టవుతుంది.

మైలురాయి

ఇసుకతెన్నె గారూ, ఇది నాకు తట్టనే లేదు. కప్పు చూసి అర్థం చేసుకోవడం చాలా బాగుంది. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా వస్తే ఎలా చూసుకుంటారు?

ఇసుకతెన్నె

"మా వాళ్ళు నడకకి వెళ్ళారు, ఇప్పుడే వస్తారు" అంటాను. లోపల చూపించమంటే మొదటి పలకరింపులో చూపించను. తలుపు బయటే నిలబడి ఫొటోలు చూపిస్తాను. వాళ్ళ క్యాంపరూ అక్కడే ఉంటే ముందు వాళ్ళది చూపించమంటాను. నిజంగా పాప్-అప్ మీద ప్రేమ ఉన్నవాళ్ళు దానికి ఎగిరి గంతేస్తారు. ఇంకోటి, ఎక్కడున్నానో అక్కడి నుంచి కదిలాకే ఫొటోలు పెడతాను, ఉన్నంతసేపూ పెట్టను.

ఉత్తరపు_గాలి

ఎక్కడ కలుస్తామని కదా అడిగారు. నా అనుభవంలో జనం తప్పనిసరిగా ఆగే చోట్లే మంచివి. అక్కడ ఎవరి ఏకాంతమూ చెడదు.

కెనడాలో యూకాన్ నుంచి ఉత్తరానికి వెళ్ళే డెంప్‌స్టర్ హైవే మీద పీల్ నది దగ్గర, మెకెంజీ నది దగ్గర వంతెనలు లేవు. వేసవిలో ఫెర్రీ కోసం ఆగాల్సిందే. ఇంజను ఆపి అందరూ దిగుతారు. బురద పట్టి ఏ కంపెనీదో కూడా తెలియని క్యాంపర్లు అక్కడ వరసలో ఉంటాయి. రాళ్ళ రోడ్డు మీద టైర్ల గాలి ఎంత ఉంచారు, దుమ్ము లోపలికి రాకుండా ఏం చేశారు అని ఒకరినొకరు అడుగుతూనే ఫెర్రీ వచ్చేస్తుంది. 2017లో ఇనువిక్ నుంచి టక్టోయక్టక్ వరకూ రోడ్డు తెరిచాక ఆర్కిటిక్ సముద్రం దాకా బండిలోనే వెళ్ళొచ్చు. అందుకని ఆ దారిలో మనవాళ్ళు బాగానే కనిపిస్తున్నారు.

యూకాన్‌లోని వాట్సన్ లేక్ ఊళ్ళో ఉన్న సైన్‌పోస్ట్ ఫారెస్ట్ ఇంకోటి. 1942లో అలాస్కా హైవే వేస్తున్నప్పుడు ఒక సైనికుడు తన ఊరి బోర్డు పెట్టడంతో మొదలైంది, ఇప్పుడు వేల బోర్డులున్నాయి. అక్కడ ఆగకుండా ఎవరూ వెళ్ళరు. పార్కింగులో గంట కూర్చుంటే కనీసం ఒక పాప్-అప్ అయినా వస్తుందని నా నమ్మకం.

లేక్ లూయిస్ సంగతి మీకు తెలుసా? కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కులో ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడల బండ్లకి ఒక క్యాంపుగ్రౌండు, గుడారాలకీ గుడ్డ గోడల వాళ్ళకీ వేరే క్యాంపుగ్రౌండు. ఆ రెండోదాని చుట్టూ విద్యుత్ కంచె ఉంటుంది. మన గుడ్డ గోడల పాప్-అప్పులన్నీ ఆ కంచె లోపలికే వస్తాయి. నాకు ఒక్క సాయంత్రంలో అన్ని రకాల పాప్-అప్పులు చూసే అవకాశం అక్కడే దొరికింది. హాల్‌మార్క్, నార్త్‌స్టార్, ఫీనిక్స్ కంపెనీలవి, అన్నీ. చెట్ల మధ్య చీకటి పడగానే లోపల లైట్లకి గుడ్డ గోడలు వెలుగుతుంటే ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టొచ్చు.

కొత్తట్రక్కు

నేనింకా కొనలేదు, చదువుతున్నాను అంతే. ఉత్తరపు గాలి అన్నా, ఎలుగుబంట్లు ఉన్న చోట గుడ్డ గోడలతో పడుకోవడం సేఫేనా? కొన్ని చోట్ల అసలు రానివ్వరని విన్నాను.

ఉత్తరపు_గాలి

అవును తమ్ముడూ, కొన్ని చోట్ల రానివ్వరు. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో గట్టి గోడల బండ్లకే అనుమతి. గుడారాలు, పాప్-అప్పులు కుదరవు. బుక్ చేసే ముందే నిబంధన చదువుకో, గేటు దగ్గర గొడవపడి లాభం లేదు. ఆ పార్కులో వేరే క్యాంపుగ్రౌండ్లు ఉన్నాయి. ఎక్కడైనా సరే ఆహారం, సబ్బు, టూత్‌పేస్టు, చెత్త అన్నీ ట్రక్కు క్యాబులోనో, అక్కడ ఇచ్చిన ఇనప పెట్టెలోనో పెట్టి తాళం వెయ్యాలి. పాప్-అప్ వాళ్ళు కలిసినప్పుడు మొదట మాట్లాడుకునేవి ఇలాంటివే. ఎక్కడ రానిస్తున్నారు, ఎక్కడ ఈ ఏడాది కొత్తగా ఆపేశారు అన్న కబురు దారిలోనే ముందు తెలుస్తుంది.

పానా_స్క్రూడ్రైవర్

ఇంత మంచి చర్చలో ఒక ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. చెయ్యి ఊపడం, లైట్లు వెయ్యడం రెండూ ఒకటి కాదు.

నెవాడాలో ఒకసారి నా ముందు వెళ్తున్న పాప్-అప్‌కి ముందు వైపు లాచీ ఒకటి ఊడి ఉంది. గాలికి కప్పు మూల లేచి పడుతోంది. హైవే వేగంలో గాలి ఆ ముక్కు కిందకి దూరితే ఏమవుతుందో ఆలోచించండి. నేను హైబీమ్ వేశాను. ఆయన అద్దంలో చూసి, సంతోషంగా చెయ్యి ఊపి, ముందుకు పోయారు. ఇంకోసారి వేశాను. మళ్ళీ ఊపారు. నేను పలకరిస్తున్నానని అనుకున్నారు, పాపం ఆయన తప్పేం లేదు. చివరికి రెండు వరసల రోడ్డు రాగానే పక్కకి వెళ్ళి, మా ఆవిడ కిటికీ లోంచి వేలు పైకి చూపిస్తే అర్థమైంది. ఆగారు. లాచీ బిగించాక చాలాసేపు అక్కడే రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం.

అందుకని నా మనవి. పలకరింపుకి చెయ్యి మాత్రమే వాడండి. లైట్లు ప్రమాదం చెప్పడానికి ఉంచుకోండి. ఎవరైనా వెనక నుంచి లైట్లు వేస్తూ, వేలు పైకి చూపిస్తే మీ కప్పు సంగతే చెబుతున్నారని వెంటనే సురక్షితమైన చోట ఆపండి. కప్పు మీద వెంట్ తెరిచి వదిలేసిన బండ్లు నేను చాలా చూశాను, వాటికీ ఇదే సంజ్ఞ. పక్కపక్కనే నడుపుతూ కిటికీలోంచి మాట్లాడే ప్రయత్నం మాత్రం వద్దు.

దారిన_పోయే_దానయ్య

నూటికి నూరు శాతం. అందరూ ఈ పోస్టు గుర్తు పెట్టుకోండి. గతుకుల మట్టి రోడ్డు మీద వెళ్ళొచ్చాక క్యాంపర్‌ని ట్రక్కుకి బిగించే టర్న్‌బకిళ్ళు కూడా వదులవుతాయి. ట్రక్కు వెనక సామాను పెట్టే భాగం, అంటే బెడ్డు లోపల ఉంటాయి కాబట్టి వెనక నుంచి ఎవరికీ కనిపించవు. కానీ క్యాంపర్ బెడ్డులో పక్కకి జరిగిందంటే వెనక నుంచి చూసేవాళ్ళకి తెలుస్తుంది, రెండు వైపులా సందు సమానంగా ఉండదు. నేను ముందు వెళ్ళే ప్రతి పాప్-అప్‌కీ ఆ సందు చూస్తాను.

డెత్ వ్యాలీలో యూబెహీబీ క్రేటర్ నుంచి రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సుకి వెళ్ళే 27 మైళ్ళ రోడ్డు దీనికి పరీక్ష. పదునైన రాళ్ళు, ఒళ్ళంతా కదిలిపోయే గతుకులు. మధ్యలో టీకెటిల్ జంక్షన్ అని ఒక బోర్డు, దానికి జనం వేలాడదీసిన కెటిళ్ళు. అక్కడ ఫొటో కోసం అందరూ ఆగుతారు. నేను అక్కడే టర్న్‌బకిళ్ళు బిగిస్తాను, పక్కన ఎవరైనా పాప్-అప్ వాళ్ళుంటే వాళ్ళవీ చూసుకోమంటాను. కొందరి దగ్గర రెండో స్పేర్ టైరు ఉండదు, అవసరం పడితే ఎవరు ఎవరికి సాయం చెయ్యగలరో అక్కడే తెలుసుకుంటాం.

వెన్నెల_దారి

చదువుతుంటే నాకూ రాయాలనిపించింది.

2023 అక్టోబర్ 14న వలయాకార సూర్యగ్రహణానికి యూటాలో వ్యాలీ ఆఫ్ ద గాడ్స్‌కి వెళ్ళాం. ఆ 17 మైళ్ళ మట్టి రోడ్డు పొడుగునా ముందు రోజు నుంచే బండ్లు. చోటు వెతుక్కుంటూ వెళ్తుంటే ఎర్రమట్టి దిబ్బ మీద ఒక పాత పాప్-అప్, దాని ముందు ఒక పెద్దాయన, పెద్దావిడ. మా క్యాంపర్ చూడగానే ఆవిడ లేచి, రెండు చేతులతో మా పక్కన చోటుంది రమ్మని పిలిచింది. మేం అడగలేదు, వాళ్ళే జరిగి చోటిచ్చారు.

సాయంత్రం ఆవిడ మా క్యాంపర్ లోపలికి వచ్చి ప్రతి డ్రాయరూ తీసి చూసింది. తర్వాత నన్ను వాళ్ళదాంట్లోకి తీసుకెళ్ళి, చలికాలంలో గుడ్డ లోపలి వైపు నీళ్ళు కారకుండా ఏం చేస్తుందో చూపించింది. లోపల రెండో పొర తగిలించి, కప్పు వెంట్ కొంచెం, కింది కిటికీ కొంచెం తెరిచి ఉంచుతుంది. మనం రాత్రంతా వదిలే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డ మీద నీరవుతుంది కదా, అది బయటికి పోవడానికి దారి ఉండాలి. ఫర్నెస్ వేసి అన్నీ మూసేస్తే పొద్దున్నకి దుప్పట్లు తడి. ఈ విషయం నేను ఎన్నో చోట్ల చదివాను, కానీ ఆవిడ వేలితో ఏ మూలలో తడి చేరుతుందో చూపించాకే అర్థమైంది.

మర్నాడు గ్రహణం పట్టి సూర్యుడు ఉంగరంలా మారినప్పుడు వాళ్ళ కళ్ళద్దాలు మా పిల్లలకి ఇచ్చారు. వాళ్ళు పాప్-అప్‌లో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నారట, మోకాళ్ళ వల్ల ఇక పై పరుపు ఎక్కడం కష్టమవుతోందని చెప్పింది. ఇలాంటివాళ్ళు దొరికితే వదలొద్దు. అడగండి, వినండి. వాళ్ళకి తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ లేదు.

కొత్తట్రక్కు

వెన్నెల దారి అక్కా, ఇది చదివి చాలా ఆనందమేసింది. అక్కడికి వెళ్ళేటప్పుడు మోకీ డగ్‌వే అనే కొండ రోడ్డు దిగారా? పాప్-అప్‌తో భయం లేదా?

వెన్నెల_దారి

దిగాం. మట్టి మలుపులు 3 మైళ్ళు, 11 శాతం వాలు. 28 అడుగుల కంటే పొడుగు, 10,000 పౌండ్ల కంటే బరువు ఉన్న బండ్లు వద్దని బోర్డు ఉంటుంది. మన బండ్లు దానికి లోబడే ఉంటాయి కానీ నీ ట్రక్కు బరువు కాటా మీద తూచి చూసుకో. తక్కువ గేరులో మెల్లగా దిగితే భయం లేదు. మలుపుల్లో ఎదురొచ్చేవాళ్ళకి చోటివ్వాలి. అక్కడ చేతులు ఊపడం వద్దు, రెండు చేతులూ స్టీరింగ్ మీదే.

నిశ్శబ్దం_కావాలి

వెన్నెల గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఆ పెద్దావిడ పిలిస్తే నేనూ వెళ్ళేవాణ్ణి. నా అభ్యంతరం పిలవకుండా రావడం గురించే, ఇప్పుడు ఇంకా స్పష్టంగా చెప్పగలుగుతున్నాను. ఎక్కువ మందిని కలవాలనుకునేవాళ్ళు మే నెలలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో జరిగే ఓవర్‌ల్యాండ్ ఎక్స్‌పో అనే ప్రదర్శనకి వెళ్ళొచ్చు, జనవరిలో ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్‌కి వెళ్ళొచ్చు. అక్కడికి వచ్చేవాళ్ళంతా మాట్లాడాలనే వస్తారు. క్వార్ట్‌జ్‌సైట్ పక్కన లా పోసాలో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ పర్మిట్‌తో దీర్ఘకాలం ఉండొచ్చు. మామూలు బీఎల్‌ఎం భూమిలో అయితే సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులే.

పానా_స్క్రూడ్రైవర్

కొనాలనుకుంటున్న తమ్ముడికి ఒక మాట. షోరూములో కప్పు ఎత్తడం తేలిక, ఎందుకంటే పైన ఏమీ ఉండదు. దారిలో కలిసినవాళ్ళని అడిగి, సోలార్ ప్యానెళ్ళు, పైన సామాను ఉన్న కప్పు నీ చేత్తో ఎత్తి చూడు. బరువు పెరిగేకొద్దీ, ఎత్తడానికి సాయపడే గ్యాస్ స్ట్రట్లు ఉంటే తప్ప ఎత్తలేం. స్ట్రట్లు మరీ గట్టివి పెడితే దించడం కష్టం. ఎవరి కప్పుకి ఏ స్ట్రట్ సరిపోయిందో అడిగి రాసుకో. ఇప్పటివరకూ నేను అడిగితే కాదన్నవాళ్ళు లేరు.

మైలురాయి

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. వేలు పైకి చూపించే సంజ్ఞ మా ఇంట్లో అందరికీ నేర్పించాను. మార్చిలో ఎడారి పూలు చూడటానికి కాలిఫోర్నియాలోని ఆంజా-బొర్రేగో వెళ్తున్నాం. ఆ స్టేట్ పార్కులో క్యాంపుగ్రౌండు బయట కూడా ఆగొచ్చు కదా, ఎవరైనా ఆ రోజుల్లో అటు వస్తున్నారా? కొత్తట్రక్కు తమ్ముడూ, నువ్వు వస్తే మా ఫ్లీట్ కప్పు నువ్వే ఎత్తి చూడొచ్చు.

కొత్తట్రక్కు

తప్పకుండా వస్తాను అన్నా! నా ట్రక్కు బెడ్డు ఐదడుగులది. కొలిచి చూసుకోవాలి.

ఇసుకతెన్నె

నేను మార్చి రెండో వారంలో అక్కడే ఉంటాను. మైలురాయి గారూ, తేదీలు ప్రైవేటు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ రాయొద్దు. తమ్ముడూ, టేపు తెచ్చుకో. బెడ్డు పొడుగుతో పాటు వీల్ వెల్స్ (బెడ్డులో చక్రాల పైన ఉబ్బెత్తుగా ఉండే భాగాలు) మధ్య వెడల్పు, క్యాబ్ పైకప్పు నుంచి బెడ్డు అంచు దాకా ఎత్తు కూడా కొలవాలి. ఆ మూడు అంకెలుంటే ఏ మోడల్ పడుతుందో అక్కడే చూద్దాం.